సీమ నుంచి అండమాన్‌కు: ఆరు రోజుల్లో మూడు దీవులు ఎలా ప్లాన్ చేసుకోవాలి

అండమాన్ పోదామనుకునే సీమవాళ్లు అడిగేవి మూడే ప్రశ్నలు. ఎన్ని రోజులు కావాలి? తలకు ఎంతవుతుంది? విమానం ఎక్కడ ఎక్కాలి? నాలుగోది మాత్రం ఎవరూ అడగరు: మధ్యలో ఒక పడవ రద్దయితే తిరుగు విమానం అందుతుందా? ప్లాన్లు ఎక్కువగా చెడేది అక్కడే. బీచ్ ఎక్కడికీ పోదు, గది ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దీవి నుంచి దీవికి పోయే పడవ మాత్రం రోజుకు కొన్నిసార్లే, అదీ సముద్రం ఒప్పుకుంటేనే. అందుకే ఇక్కడ చెప్పే వరసలో పడవలు ముందు, గదులు తర్వాత.

ఈ ప్లాన్ పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ అనే మూడు చోట్లకు. దీవుల్లో ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. ఇంటి నుంచి విమానాశ్రయానికి చేరడానికి ముందు రోజు రాత్రి ఒకటి కలుపుకోండి.

ముందుగా పేర్ల సంగతి, ఎందుకంటే టికెట్లలో ఇవి కలగాపులగంగా ఉంటాయి. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ పేరు షహీద్ ద్వీప్ అయింది, పోర్ట్ బ్లెయిర్ పక్కనే ఉండే రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీవిజయపురం అని పేరు మార్చారు. ఆటోవాళ్లు, హోటళ్లవాళ్లు ఇంకా పాత పేర్లే వాడతారు. పడవ టికెట్‌లో స్వరాజ్ అని, గది రసీదులో హేవ్‌లాక్ అని ఉంటే కంగారు పడొద్దు, రెండూ ఒకటే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ప్రతి ఒక్కరికీ ఆధార్ లేదా వేరే ఫొటో గుర్తింపు కార్డు, అసలుది. పడవ ఎక్కేటప్పుడూ అడుగుతారు. పిల్లలకూ కావాలి.
- ఆధార్‌లో ఉన్నట్టే టికెట్‌లో పేరు. మనకు ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. విమానం టికెట్ తీసేటప్పుడు కార్డు ముందు పెట్టుకుని టైపు చేయండి.
- స్కూటర్ నడపాలంటే డ్రైవింగ్ లైసెన్సు.
- గోడ మీద తెలుగు క్యాలెండర్. ఎందుకో ఏడో మెట్టులో చెప్తాం.
- ఒక తెల్లకాగితం. ఫోన్‌లో నోట్స్ చాలదా అంటే చాలదు; ఆరు రోజులూ ఒకేసారి కంటి ముందు కనపడాలి.

ఈ మూడు దీవులకు భారతీయులకు ప్రత్యేక అనుమతి పత్రం అక్కరలేదు.

1. నెల ఖాయం చేసుకోండి

జనవరి నుంచి ఏప్రిల్ వరకు మంచిది. అందులోనూ ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో సముద్రం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి. ఉగాదికి అటూ ఇటూ పెట్టుకుంటే ఎండ తప్ప వేరే ఇబ్బంది ఉండదు. ఎండ మనకు కొత్తా అంటారు గానీ దాని సంగతి తర్వాత.

సంక్రాంతి సెలవుల్లో వాతావరణం బాగుంటుంది, ధరలు బాగుండవు. డిసెంబరు 20 నుంచి జనవరి మొదటి వారం దాకా అన్నిటికీ రేటు ఎక్కువే. దసరా సెలవులకు పోయేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకు బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం. పోకూడదని కాదు, పోతే ఒక రోజు అదనంగా పెట్టుకోవాలి.

పిల్లల వేసవి సెలవులే దిక్కు అంటే మే మొదటి పది రోజుల్లోపు వచ్చేయండి. నైరుతి రుతుపవనాలు కేరళకంటే ముందు అండమాన్‌నే తాకుతాయి, మామూలుగా మే మూడో వారం చుట్టూ. మనకు జూన్‌లో వాన అనే లెక్క అక్కడ పనికిరాదు. అనంతపురం ఏడాదంతా కలిపి చూసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే, పోర్ట్ బ్లెయిర్‌లో అది 3,000 చుట్టూ ఉంటుంది.

2. తిరుగు విమానం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

కాగితం మీద కింది నుంచి పైకి రాయండి. ఆరో రోజు: విమానం. ఐదో రాత్రి: పోర్ట్ బ్లెయిర్. ఈ ఒక్క గీత చెరపొద్దు. నీల్ నుంచి పొద్దున పడవ ఎక్కి మధ్యాహ్నం విమానం అందుకోవచ్చని కాగితం మీద కనిపిస్తుంది, టికెట్లూ దొరుకుతాయి. గాలి లేచి ఆ ఒక్క పడవ ఆగితే, విమానం డబ్బు పోయినట్టే. ఆఖరి నిమిషంలో కొత్త టికెట్ కొనాల్సి వస్తే అది మొత్తం ప్రయాణం ఖర్చులో సగం తినేస్తుంది.

మిగతా వరస ఇట్లా వస్తుంది:

- మొదటి రోజు: దిగడం, సెల్యులార్ జైలు. రాత్రి పోర్ట్ బ్లెయిర్.
- రెండో రోజు: పొద్దున పడవ, హేవ్‌లాక్. సాయంత్రం రాధానగర్ బీచ్.
- మూడో రోజు: ఎలిఫెంట్ బీచ్ లేదా స్కూబా (గాలి సిలిండరుతో నీళ్ల అడుగుకు దిగడం). రాత్రి హేవ్‌లాక్.
- నాలుగో రోజు: పడవలో నీల్. లక్ష్మణ్‌పూర్ బీచ్. రాత్రి నీల్.
- ఐదో రోజు: రాతి వంతెన, భరత్‌పూర్ బీచ్, మధ్యాహ్నం పడవలో వెనక్కి.
- ఆరో రోజు: విమానం.

నాలుగు రాత్రులే ఉంటే నీల్ తీసేయండి, హేవ్‌లాక్ రెండు రాత్రులూ ఉంచండి. మూడు రాత్రులే అంటే ఒక్క హేవ్‌లాక్ చాలు. ఉన్న రోజులను మూడు ముక్కలు చేస్తే చూసేది రేవులూ సామాన్లే. బారాటాంగ్ సున్నపురాతి గుహలను ఈ ఆరు రోజుల్లో ఇరికించొద్దు. దానికి తెల్లవారుజామున లేచి కాన్వాయ్‌లో పోయి రావాలి, పూర్తి పగలు పోతుంది. గుహలే చూడాలంటే బేలుం మన పక్కనే ఉంది. పోయినా, ఆ దారి జారవా తెగ ఉండే అడవి గుండా పోతుంది. అక్కడ బండి ఆపడం, ఫొటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం.

3. విమానం ఎక్కడ ఎక్కాలి

మూడు జిల్లాలకు మూడు దారులు. ధర ఒక్కటే చూడొద్దు, ఇంటి గడప నుంచి విమానం గేటు దాకా పట్టే సమయం చూడండి.

*కర్నూలు వాళ్లకు* శంషాబాద్. 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 200 కిలోమీటర్లు, నాలుగు గంటలు. విమానాశ్రయం మనవైపే ఉంది కాబట్టి హైదరాబాద్ ఊళ్లోకి పోనక్కరలేదు. బస్సులో పోతే శంషాబాద్‌లో దిగి ఆటోనో క్యాబో పట్టుకోవచ్చు. ఎంజీబీఎస్ బస్టాండు దాకా పోయి వెనక్కి రావడం చాలామంది చేసే పొరపాటు.

*అనంతపురం వాళ్లకు* బెంగళూరు. ఇక్కడా అదే అదృష్టం: విమానాశ్రయం దేవనహళ్లి దగ్గర, ఊరికి ఉత్తరాన, మనం పోయే దారిలోనే ఉంది. ఊళ్లో మెజెస్టిక్ బస్టాండు దాకా టికెట్ తీసుకున్నా దేవనహళ్లిలో దిగిపోండి. అర్ధరాత్రి దిగేటట్టయితే క్యాబ్ ముందే మాట్లాడుకోవాలి.

*కడప వాళ్లకు* చెన్నై. రైలులో రేణిగుంట, అరక్కోణం మీదుగా సుమారు ఐదు గంటలు. చెన్నై సెంట్రల్ నుంచి విమానాశ్రయానికి మెట్రో ఉంది, కానీ తెల్లవారుజామున విమానమైతే మెట్రో ఇంకా మొదలై ఉండదు. బస్సులో పోతే మాధవరంలో దించుతారు. అది ఊరికి ఆ చివర, విమానాశ్రయం ఈ చివర, గంటంపావు వేసుకోండి.

ఓర్వకల్లు నుంచో కడప విమానాశ్రయం నుంచో చిన్న విమానంలో పోయి పెద్ద విమానం పట్టుకోవచ్చు. కానీ రెండూ వేర్వేరు టికెట్లయితే, మొదటిది ఆలస్యమైనందుకు రెండోవాళ్లు బాధ్యత తీసుకోరు. ఒకే టికెట్‌గా దొరికితేనే ఆ దారి పట్టండి.

తేదీల ఉచ్చు ఒకటుంది. రాత్రి 12 దాటాక వచ్చే రైలు 15వ తేదీది అంటే, మీరు స్టేషన్‌కు పోవాల్సింది 14వ తేదీ రాత్రి భోంచేశాక. తెల్లవారుజామున నాలుగు గంటల విమానానికీ ఇదే లెక్క. కాగితం మీద "14 రాత్రి ఇంటి నుంచి బయలుదేరడం" అని అచ్చంగా అట్లాగే రాయండి.

ఎక్కే ఊరు ఏదైనా విమానం రెండు, రెండున్నర గంటలు. పొద్దున దిగేది ఎంచుకోండి. చెన్నై, విశాఖల నుంచి ఓడలు కూడా పోతాయి గానీ ఒకవైపుకే రెండు రోజులు దాటుతుంది. ఆరు రోజుల సెలవుకు అది కుదరని మాట.

4. పడవలు: అన్నిటికంటే ముఖ్యం

విమానం టికెట్ తీసిన రోజే మూడు పడవ టికెట్లూ తీయండి: పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్, హేవ్‌లాక్ నుంచి నీల్, నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్. గది దొరికాక పడవ వెతికితే సెలవు రోజుల్లో సీటు దొరకదు.

రెండు రకాల పడవలున్నాయి. ప్రైవేటు పడవలు మక్రుజ్, నాటికా, గ్రీన్ ఓషన్ వంటివి. లోపల ఏసీ సీట్లు, హేవ్‌లాక్‌కు గంటన్నర నుంచి రెండు గంటల పైన. ఒక్కో విడతకు తలకు సుమారు 1,200 నుంచి 2,000 రూపాయలు వేసుకోండి, తరగతిని బట్టి ఇంకా పెరుగుతుంది. మక్రుజ్ లాంటి వేగం పడవల్లో అద్దాల వెనక కూర్చోవాలి. గ్రీన్ ఓషన్‌లో పైన ఆరుబయట నిలబడే చోటుంది, కానీ నెమ్మదిగా పోతుంది. ఏసీ బస్సులోనే కడుపు తిప్పేవాళ్లు ఇంట్లో ఉంటే గాలి తగిలే పడవే మేలు.

ప్రభుత్వ పడవ చవక, హేవ్‌లాక్‌కు రెండున్నర గంటల చుట్టూ. అది ముందుగా దీవుల్లో కాపురముండేవాళ్ల కోసం. మనకు సీటు దొరికితే దొరికినట్టు. చాలా రోజుల ముందుగా బుక్ చేసుకోవడం కుదరదు కాబట్టి దాని మీద ప్లాన్ కట్టొద్దు. ప్రైవేటు పడవ రద్దయితే పెట్టుకునే రెండో దారిగా గుర్తుంచుకోండి.

హేవ్‌లాక్ నుంచి నీల్‌కు గంటలోపే. నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు గంట, గంటన్నర.

టికెట్ తీసేముందు చూడాల్సినవి:

- *దిశ.* వెబ్‌సైట్లలో "నుంచి", "వరకు" గళ్లు తారుమారు కావడం తరచుగా జరుగుతుంది. ఆరుగురి టికెట్లు తప్పు దిశలో తీస్తే మార్చుకోవడానికి ప్రతి టికెట్‌కూ కోత పడుతుంది.
- *రేవు.* పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే నుంచి, ప్రైవేటువి ఎక్కువగా హాడో రేవు నుంచి. టికెట్ మీద ఉన్న పేరే ఆటోవాడికి చెప్పండి, ఉత్త "జెట్టీ" అంటే చాలదు.
- *సామాను.* విమానంలో మామూలుగా ఒకరికి 15 కిలోలు లోపల వేసేది, 7 కిలోలు చేతిది. పడవల పరిమితి కూడా ఇంచుమించు అంతే. పెద్ద పెట్టె ఒకటికి బదులు మోయగలిగే సంచులు రెండు తెచ్చుకోండి. రేవులో చాలా దూరం మీరే నడిపించుకోవాలి.
- *రద్దు షరతు.* వాతావరణం వల్ల రద్దయితే డబ్బు తిరిగొస్తుందా, మరుసటి పడవలో సీటు ఇస్తారా అన్నది చదవండి.

దిగిన రోజే నేరుగా హేవ్‌లాక్ పోవచ్చా అని అడుగుతారు. విమానం దిగే సమయానికీ పడవ సమయానికీ మధ్య నాలుగు గంటలుంటే పోవచ్చు. అప్పుడు సెల్యులార్ జైలు ఐదో రోజు సాయంత్రానికి జరుగుతుంది. మూడు గంటలుంటే వద్దు: విమానం ఒక గంట ఆలస్యం, సామాను అరగంట, రేవులో ఒక గంట ముందు ఉండాలి. లెక్క మీకే తేలుతుంది.

5. గదులు

ఇక్కడ ఎక్కువ ఆలోచించేదేం లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఊరి మధ్య, అబర్దీన్ బజారు చుట్టుపక్కల తీసుకుంటే తిండికీ ఆటోలకూ సులువు. హేవ్‌లాక్‌లో రేవుకూ రాధానగర్‌కూ మధ్య సుమారు 12 కిలోమీటర్లుంటుంది. గదులు, స్కూబా దుకాణాలు, భోజనశాలలు గోవిందనగర్, విజయనగర్ వైపు ఎక్కువ. అక్కడుంటే అన్నిటికీ దగ్గర. నీల్ చిన్నది, ఎక్కడైనా సరే.

అడగాల్సింది ఒక్కటి: ఖాళీ చేసే సమయం. చాలాచోట్ల ఉదయం 8, 9 గంటలకే గది వదలమంటారు. మధ్యాహ్నం పడవుంటే సామాను ఉంచుకోనిస్తారా అని ముందే అడగండి.

6. గడియారం మనదే, సూర్యుడు మనవాడు కాడు

అండమాన్ గడియారం మన గడియారమే. కానీ ఆ దీవులు మనకంటే దాదాపు 15 డిగ్రీలు తూర్పున ఉన్నాయి కాబట్టి సూర్యుడు మన దగ్గరకంటే ఒక గంట ముందు లేస్తాడు, ఒక గంట ముందు పడుకుంటాడు. డిసెంబరులో సాయంత్రం ఐదుకే మునుగుతాడు, ఏప్రిల్‌లో ఐదున్నరకు. సూర్యాస్తమయం చూద్దామని గండికోటకు పోయినట్టు ఐదింటికి రాధానగర్ బయలుదేరితే మీరు చూసేది చీకటి, వెనక్కొచ్చే బండ్ల లైట్లు.

రాధానగర్‌లో మూడు గంటలకు ఉండండి. చీకటి పడ్డాక నీళ్లలో ఉండనివ్వరు. అక్కడ ఉప్పునీటి మొసళ్ల హెచ్చరిక బోర్డులు పెట్టిన చోట్లున్నాయి. ఆ బోర్డు ఉన్నచోట, వాగు సముద్రంలో కలిసేచోట, మడ అడవుల పక్కన దిగొద్దు. జెండాలు కట్టి, గార్డులు నిలబడ్డ మేరలోనే స్నానం.

దీన్నే అనుకూలంగా వాడుకోండి. ఉదయం ఐదున్నరకు అక్కడ బాగా వెలుతురు. తొమ్మిది దాకా నిద్రపోయేవాళ్లకు పగటిలో మూడోవంతు పోయినట్టే. నీల్‌లో సూర్యోదయానికి సీతాపూర్, అస్తమయానికి లక్ష్మణ్‌పూర్.

7. తిథి చూసి పోటు పాటు లెక్కపెట్టండి

ఇదే సీమవాళ్లకు కొత్త. తుంగభద్ర నీళ్లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. సముద్రం రోజుకు రెండుసార్లు లేస్తుంది, అది పోటు; రెండుసార్లు దిగుతుంది, అది పాటు. అమావాస్యకూ పౌర్ణమికీ అటూ ఇటూ రెండు మూడు రోజులు తేడా ఎక్కువ: నీళ్లు బాగా వెనక్కి పోతాయి, మళ్లీ బాగా ముందుకొస్తాయి. సప్తమి, అష్టమి చుట్టూ తేడా తక్కువ. సమయం ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కచ్చితమైన సమయాలకు పోర్ట్ బ్లెయిర్ పోటు పాటుల పట్టిక ఫోన్‌లో చూసి కాగితం మీద నాలుగో, ఐదో రోజుల పక్కన రాసుకోండి.

ఇదంతా ఎందుకంటే, నీల్‌లో లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ దగ్గరుండే సహజ రాతి వంతెనను నీళ్లు దిగినప్పుడే దగ్గరికి పోయి చూడగలం. పాటు పూర్తయ్యే సమయానికి గంట ముందు చేరి, నీళ్లు తిరుగు ముఖం పట్టగానే వచ్చేయాలి. నడిచేది పాచి పట్టిన రాళ్ల మీద. జారే చెప్పులతో పోయి మోకాలు కొట్టుకునేవాళ్లు రోజూ ఉంటారు. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకోండి. గుంటల్లో చిన్నచిన్న చేపలు, కీరదోసకాయల్లా ఉండే సముద్రపు జీవులు కనిపిస్తాయి, వాటిని చేత్తో ఎత్తొద్దు.

భరత్‌పూర్ దీనికి సరిగ్గా తిరుగు. నీళ్లు దిగినప్పుడు అక్కడ పగడపు రాళ్లు తేలి, ఈతకు పనికిరాదు. అద్దాల పడవలూ సరిగ్గా తిరగవు. నీళ్లు నిండినప్పుడు పోవాలి. కాబట్టి ఐదో రోజు పొద్దున పాటు ఉంటే వంతెన ముందు, భరత్‌పూర్ తర్వాత. పొద్దున పోటు ఉంటే భరత్‌పూర్ ముందు, వంతెనను నాలుగో రోజు మధ్యాహ్నానికి జరపండి. భరత్‌పూర్ రేవు పక్కనే, పడవ ఎక్కేముందు కూడా చూడొచ్చు.

8. నీళ్లలోకి దిగే పనులు

ఈత రాకపోయినా లైఫ్ జాకెట్‌తో స్నార్కెల్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, బోర్లా తేలి నీళ్లలోకి చూడడం) చేయొచ్చు, గైడు చెయ్యి పట్టుకుని స్కూబా చేయొచ్చు. ఎలిఫెంట్ బీచ్‌కు హేవ్‌లాక్ రేవు నుంచి స్పీడుబోటులో పోతారు, గాలి ఎక్కువుంటే ఆపేస్తారు. అందుకే మూడో రోజు పొద్దున్నే పెట్టుకోండి. లైఫ్ జాకెట్ బకిళ్లు మూడూ పెట్టాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వస్తే అది మీ కొలత కాదు, వేరేది అడగండి. పిల్లలకు పెద్దవాళ్లది కట్టి పంపడం ఒప్పుకోవద్దు.

స్కూబాకు వయసు పదేళ్లు దాటాలి. మొదటిసారి చేసేవాళ్లకు ధర సుమారు 3,500 నుంచి మొదలవుతుంది. దిగే ముందు ఒక ఆరోగ్య పత్రం ఇస్తారు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం ఉంటే దాచొద్దు. జలుబు ఉన్నా మానుకోండి: ముక్కు మూసుకుపోతే లోతులో చెవిలో ఒత్తిడి సరి కాదు, కర్ణభేరికి దెబ్బ. చెవి నొప్పి మొదలవగానే సైగ చేసి పైకి రావాలి, ఓర్చుకోవడం గొప్ప కాదు.

స్కూబాకూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలుండాలి, ఒక పూర్తి రోజుంటే ఇంకా మంచిది. నీళ్లలో ఒత్తిడికి ఒంట్లో కలిసిన నైట్రోజన్ పైకి పోయినప్పుడు బుడగలు కడుతుంది. మన ప్లాన్‌లో మూడో రోజు పెట్టింది అందుకే.

ఇక ఎండ. అనంతపురం ఎండలో చెమట ఆరిపోతుంది, అక్కడ ఆరదు. స్నార్కెల్ చేసేటప్పుడు వీపు నీళ్ల పైన ఉంటుంది, చల్లగా ఉందని తెలియదు, రాత్రికి చొక్కా తగిలితే మంట. క్రీము కంటే ఫుల్ చేతుల ఈత టీషర్టు నమ్మకం. ఓఆర్ఎస్ పొట్లాలు పదైనా సంచిలో వేసుకోండి. సాయంత్రం ఇసుకలో చిన్న ఈగలు కుడతాయి, దద్దుర్లు వారం దాకా దురద పెడతాయి. ఇసుక మీద నేరుగా కూర్చోకుండా చాప పరుచుకుని, కాళ్లకు కొబ్బరినూనె గానీ దోమల క్రీము గానీ రాసుకోండి.

9. పడవ ఎక్కే పొద్దున

ముందు రాత్రి బాగా నిద్రపోవాలి. వాంతుల మాత్ర, మన మెడికల్ షాపుల్లో దొరికే అవోమిన్ లాంటిది, పడవ కదిలేందుకు కనీసం గంట ముందు వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. మగత వస్తుంది కాబట్టి వేసుకున్నవాళ్లు ఆరోజు స్కూటర్ నడపొద్దు. పిల్లలకు, గర్భిణులకు, బీపీ మందులు వాడేవాళ్లకు ఇంటి దగ్గరే డాక్టరును అడిగి తెచ్చుకోండి.

ఖాళీ కడుపుతో ఎక్కొద్దు. ఉగ్గాని బజ్జీ లాంటివి తిని కూడా ఎక్కొద్దు. రెండు ఇడ్లీలో, అరటిపండో చాలు. సీటు ఎంచుకునే వీలుంటే కింది అంతస్తులో, మధ్యలోనో కొంచెం వెనకో. ముందు భాగం ఎక్కువ ఎగురుతుంది. ఫోన్ చూడొద్దు, దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీతను చూడాలి.

10. డబ్బు, ఫోను, తిండి

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక ఫోన్లు బాగా మెరుగయ్యాయి. అయినా చిన్న దీవుల్లో సిగ్నల్ పోయే చోట్లున్నాయి, యూపీఐ తిరుగుతూనే ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్‌లోనే నగదు తీసుకోండి: నలుగురి కుటుంబానికి స్కూటర్లు, ఆటోలు, తిండి కలిపి హేవ్‌లాక్, నీల్ మూడు రోజులకు పది పన్నెండు వేలు చేతిలో ఉంటే ఇబ్బంది ఉండదు. స్కూటర్ రోజుకు 500 నుంచి 700. తీసుకునేముందు చుట్టూ వీడియో తీయండి, బ్రేకు చూడండి. టికెట్లన్నీ స్క్రీన్‌షాట్ తీసి, ఒక కాపీ కాగితం మీద అచ్చు వేయించండి.

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట చాలాచోట్ల వినపడుతుంది, ఎక్కువగా ఉత్తరాంధ్ర యాసలో. హేవ్‌లాక్, నీల్‌లలో బెంగాలీ కుటుంబాలు ఎక్కువ, చేపా అన్నం బాగుంటాయి. కారం మన లెక్కకు చాలదు. చిన్న డబ్బాలో కరివేపాకు పొడి కాకపోయినా శనక్కాయల పొడి ఒకటి తీసుకుపోతే పెద్దవాళ్లు దీవిస్తారు.

ప్లాన్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించడం

కాగితం ముందు పెట్టుకుని ఈ నాలుగూ చేయండి. ఒక్కటి తప్పినా తేదీలు మార్చాలి, టికెట్ డబ్బు కట్టకముందే.

1. మూడు పడవల్లో ఒక్కోదాని మీద వేలు పెట్టి, "ఇది రద్దయింది" అనుకోండి. మరుసటి రోజు పోయినా విమానం అందుతుందా? ఐదో రోజు మధ్యాహ్నం ఉన్న మూడో పడవ కూడా ఈ పరీక్ష దాటాలంటే తిరుగు విమానం ఏడో రోజుకు జరగాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఐదో రోజుతో సర్దుకోవచ్చు, ఆ పడవ రద్దయితే అదే రోజు ఇంకొకటి ఉండేలా చూసుకుని. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఏడో రోజే.
2. ప్రతి బీచ్ పక్కన చేరే సమయం రాశారా? సాయంత్రం నాలుగు తర్వాత ఏదైనా ఉంటే కొట్టేయండి.
3. ప్రతి టికెట్‌లో తేదీ, దిశ, రేవు, పేరు అనే నాలుగింటినీ, తీసినవాళ్లు కాకుండా ఇంట్లో ఇంకొకరు చదవాలి. తీసినవాళ్ల కంటికి తప్పు కనపడదు.
4. సెల్యులార్ జైలు, రాస్ దీవి, ఎలిఫెంట్ బీచ్‌లకు వారపు సెలవులు, మరమ్మతు మూసివేతలు ఉంటాయి. మీరు పోయే రోజు తెరిచి ఉంటుందా అని హోటల్‌వాళ్లను బయలుదేరేముందు ఫోన్‌లో అడగండి. జైలులో సాయంత్రం జరిగే లైట్ అండ్ సౌండ్ ఏ భాషలో ఎన్నింటికో కూడా అప్పుడే అడగండి.

పడవ నిజంగానే రద్దయితే

రేవులో గొడవ పడి లాభం లేదు, ఆపింది పడవవాళ్లు కాదు, హార్బరు అధికారులు. వెంటనే మూడు పనులు, ఈ వరసలోనే. ఒకరు పడవ కౌంటర్‌లో వరుసలో నిలబడి మరుసటి పడవకు సీటు అడగాలి. ఇంకొకరు ప్రభుత్వ పడవ కౌంటర్‌కు పోవాలి. మూడోవాళ్లు ఉన్న దీవిలోనే ఆ రాత్రికి గది పట్టాలి, ఎందుకంటే రద్దయిన పడవలో ఉన్నవాళ్లందరికీ ఆ రాత్రి గది కావాలి. తర్వాతి దీవి హోటల్‌కు ఫోన్ చేసి రాలేకపోతున్నామని చెప్పండి. వాతావరణం కారణమైతే చాలామంది తేదీ మారుస్తారు, ముందు చెప్తేనే.

తిరుగు ప్రయాణం సామాను సర్దేటప్పుడు పిల్లల జేబులు వెతకండి. బీచ్‌లో ఏరిన పగడపు ముక్క, అది చచ్చినదైనా సరే, బయటికి తేవడం వన్యప్రాణి చట్టం కింద నేరం. విమానాశ్రయం స్కానర్‌లో దొరికిపోతుంది. ఇంటికి గవ్వల వస్తువులు కావాలంటే ప్రభుత్వ ఎంపోరియం సాగరికలో కొని, రసీదు సంచి పైనే పెట్టుకోండి.